ముందు కుర్చీ జరపండి

స్పీకర్లు మార్చేయాలని నేను నిశ్చయించుకున్న రోజుల్లో నా ఫిర్యాదు ఒకటే: పాట పలచగా వినిపిస్తోంది. గొంతు బాగానే ఉంది, వేణువు బాగానే ఉంది, డోలు మాత్రం పక్కింట్లో ఎక్కడో మోగుతున్నట్టు ఉంది. కొనదలచిన నమూనాల జాబితా కూడా రాసుకున్నాను. ఒక సాయంత్రం దుమ్ము దులపడానికి పెట్టెలను గోడ దగ్గర నుంచి ఇవతలికి లాగితే, ఎడమ పెట్టె వెనుక ఎర్ర తీగ నల్ల బిగింపులో, నల్ల తీగ ఎర్ర బిగింపులో కనిపించాయి. ఎప్పుడో గది సర్దినప్పుడు నా చేతులతో నేనే బిగించినవి. విప్పి సరిగ్గా పెట్టాను. డోలు గదిలోకి వచ్చేసింది. జాబితా చించేశాను.

ఒక్క పెట్టెకు తీగలు తారుమారైతే కుడి పెట్టెలో ఊగే గరాటులాంటి కోను గాలిని ముందుకు నెట్టే క్షణంలోనే ఎడమ కోను వెనక్కి లాగుతుంది. 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగే మంద్రస్వరం గాలిలో దాదాపు 7 మీటర్ల పొడవున్న అల. అంత పెద్ద అలకు రెండు మీటర్ల ఎడంలో ఉన్న రెండు పెట్టెలు ఒకేచోట ఉన్నట్టే లెక్క. ఒకటి నింపిన గాలిని రెండోది పీల్చేస్తుంది, మంద్రం మాయమవుతుంది. పై స్వరాల అలలు కొన్ని సెంటీమీటర్లే కనుక అవి ఒకచోట కలుస్తాయి, మరోచోట కొట్టుకుపోతాయి, మొత్తం మీద బతికి బయటపడతాయి. గొంతు బాగానే ఉందని నేను మోసపోయింది అందుకే. అనుమానం ఉంటే యాంప్లిఫయరు నుంచి తీగలను ఊడదీసి, వాటి కొసలను 1.5 వోల్టుల బ్యాటరీకి ఒక్క క్షణం తాకించండి. ఎర్ర తీగ బ్యాటరీ ధన కొసకు తగిలినప్పుడు రెండు పెట్టెల్లోనూ పెద్ద కోను ఒకే వైపు, సాధారణంగా ముందుకు, ఉబకాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వెళితే దొంగ దొరికినట్టే.

ఆ అనుభవం తర్వాత స్పీకర్ల గురించి నా ఆలోచన ఒక లెక్క చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు ఏది మంచిది అని కాక, ధ్వని ఎక్కడ ఎక్కువ చెడుతోంది అని అడగాలి. ఆ చెడడాన్ని శబ్దపు హెచ్చుతగ్గుల కొలమానమైన డెసిబెల్‌లలో కొలవవచ్చు. 3 డెసిబెల్‌లు పెరగడమంటే శక్తి రెట్టింపు కావడం. 10 పెరగాలంటే పది రెట్ల శక్తి కావాలి, అయినా చెవికి అది సుమారు రెట్టింపు శబ్దంగానే తోస్తుంది. ఈ కొలబద్ద పట్టుకుని పాట ప్రయాణించే దారంతా నడిచి చూడండి. మామూలు యాంప్లిఫయరు కూడా వినబడే స్వరాలన్నింటినీ అర డెసిబెల్ తేడా లోపలే పెంచుతుంది. మంచి స్పీకరు ఒక స్వరాన్ని 3 డెసిబెల్‌లు ఎక్కువగా, మరో స్వరాన్ని 3 తక్కువగా పలుకుతుంది. ఇక గది! మంద్రస్వరాల్లో అది 10 నుంచి 20 డెసిబెల్‌ల దాకా ఎత్తులు, గుంతలు చేస్తుంది. అయినా మనం ఖర్చు చేసే క్రమం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

తీగల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు రాగి తీగ 5 మీటర్లు తీసుకుంటే, పోను రాను దాని నిరోధం 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకరు ముందు దానివల్ల కలిగే నష్టం డెసిబెల్‌లో పదో వంతు కూడా లేదు. పాము మందాన పట్టుతొడుగు వేసి అమ్మే తీగలు చూడ్డానికి బాగుంటాయి.

స్పీకరు మాత్రం నిజంగా కష్టపడే వస్తువు. అయస్కాంతం చీలికలో వేలాడే తీగచుట్ట, దానికి అంటుకున్న కాగితపు కోను: ఈ కూర్పును చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. వందేళ్లు గడిచాయి. పదార్థాలు మారాయి, కొలతలు మెరుగుపడ్డాయి, అసలు యంత్రం మాత్రం అదే. దాని చేతకానితనం కూడా పెద్దగా మారలేదు. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్‌లు పలికే స్పీకరు, తనకు అందిన విద్యుత్తులో అర శాతం కన్నా తక్కువే ధ్వనిగా మారుస్తుంది. మిగిలినదంతా తీగచుట్టను వేడి చేయడానికే సరి. అందుకే పెట్టె వెనుక రాసి ఉండే ఆ 85, 88, 91 అంకెలను చిన్నచూపు చూడకండి. 85 బదులు 88 ఉన్న స్పీకరు తెచ్చుకోవడమంటే, ఉన్న యాంప్లిఫయరుకు రెట్టింపు బలం వచ్చినట్టు.

మంద్రం దగ్గర కష్టం మరీ ఎక్కువ. 80 హెర్ట్జ్ పలికిన కోను 40 హెర్ట్జ్‌ను అంతే గట్టిగా పలకాలంటే నాలుగు రెట్ల దూరం ముందుకూ వెనక్కూ ఊగాలి. చిన్న కోనుకు అంత జాగా ఉండదు. ఇక్కడే ఆంటన్ హాఫ్‌మన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడి పేరు వింటాం. సుప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకాయన. లోతైన మంద్రం, చిన్న పెట్టె, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం: ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాల్సిందే అన్న ఇనుప సూత్రం ఆయన పేరు మీదే చలామణిలో ఉంది. అరచేతిలో ఇమిడే పెట్టె గది అదరగొడుతుందని అట్ట మీద రాసి ఉంటే, అందులో వదిలేసిన మూడోది ఏదో వెతకండి. తక్కువ ఖర్చులో అడ్డదారి ఒకటుంది. పెద్ద పెట్టెలకు జాగా లేక జనం వదిలించుకుంటూ ఉంటారు. జాగా ఉన్నవాడికి అదే అదృష్టం. ఇరవై ఏళ్ల నాటి పెద్ద స్పీకరు ఇవాళ్టి బుల్లి స్పీకరు పలకలేని అడుగు స్వరాన్ని పలకగలదు, కోను చుట్టూ ఉన్న అంచు బాగుంటే. ఆ అంచు దగ్గరికి మళ్లీ వస్తాను.

కొత్త స్పీకర్లు వచ్చినా అవి పలికేది అదే గదిలో కదా. ఎదురెదురు గోడలు 4 మీటర్ల దూరంలో ఉంటే 43 హెర్ట్జ్ దగ్గర అల గోడకూ గోడకూ మధ్య సరిగ్గా సగం పట్టి నిలిచిపోతుంది. ఆ స్వరం గోడల దగ్గర ఉరుముతుంది, గది నడిమధ్య దాదాపు వినిపించదు. ఒక పాటలో గిటారు మంద్రపు తంతి ఒక మెట్టు దగ్గర గుమ్మని లేచి పక్క మెట్టు దగ్గర నీరసపడితే వాయించినవాడిని తిట్టకండి, కుర్చీ జరపండి. అరమీటరు ముందుకో వెనక్కో జరిగితే పాట మారిపోతుంది. పెట్టె వెనుక గోడ కూడా ఇలాంటి పనే చేస్తుంది. పెట్టె ముఖం గోడకు 85 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనక్కి వెళ్లి తిరిగొచ్చే ధ్వని 1.7 మీటర్లు అదనంగా నడుస్తుంది. 100 హెర్ట్జ్ అలలో అది సరిగ్గా సగం. ముందుకు వచ్చే అలను తిరిగొచ్చిన అల కొట్టేస్తుంది. మగ గొంతులోని బరువు చాలావరకు ఉండేది ఆ చుట్టుపక్కలే.

ఎక్కడ పెట్టాలో తెలియక తలపట్టుకునేవారికి నవ్వు తెప్పించే ఉపాయం ఒకటుంది. స్పీకరును తీసుకెళ్లి మీరు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టండి. మంద్రం బాగా ఉన్న పాట పెట్టి, స్పీకరు పెట్టడానికి వీలున్న చోట్ల నేల మీద మోకాళ్లతో పాకుతూ వినండి. ఎక్కడ మంద్రం ఉబ్బకుండా, మాయం కాకుండా సమంగా వినిపిస్తుందో అక్కడ స్పీకరు పెట్టి మీరు కుర్చీలోకి వెళ్లండి. చోట్లు మార్చుకున్నా, పలికే చోటుకూ వినే చోటుకూ మధ్య సంబంధం మారదు. ఆ సమయంలో ఇంట్లోవాళ్లు గదిలోకి వస్తే ఏం చెప్పుకోవాలన్నది భౌతిక శాస్త్రం పరిధిలో లేదు.

పై స్వరాల సంగతి వేరు. వాటిని చెడగొట్టేది బోసిగా ఉన్న గోడలు, నేల. ఈ విషయాన్ని మొదట కొలిచి చూపినవాడు హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం చెప్పిన వాలెస్ సాబిన్. 1895లో ఆయనకు ఒక ఉపన్యాసశాల రోగం కుదిర్చే పని అప్పగించారు. అందులో ఒక మాట అంటే అది చెరిగిపోవడానికి అయిదున్నర సెకన్లు పట్టేది, ఈలోగా తర్వాతి మాటలన్నీ దాని మీద పడి కలగాపులగమయ్యేవి. సాబిన్ రాత్రిళ్లు, ఊరు సద్దుమణిగాక, దగ్గర్లోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి ఒక్కో వరుసా పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, ఆ ధ్వని ఎంతసేపటికి ఆగిందో గడియారంతో కొలిచాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్లీ నాటకశాలకు చేరాలి. మెత్తనివి పెరిగే కొద్దీ మోత తగ్గే తీరుకు సూత్రం అలా దొరికింది.

మన ఇంట్లో ఆ మెత్తల పని తివాచీ, మందపాటి తెర, పుస్తకాల బీరువా చేస్తాయి. ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరిని పక్క గోడ వెంట చేతి అద్దం జరుపుతూ వెళ్లమనండి. అద్దంలో స్పీకరు కనిపించిన చోట ధ్వని గోడకు తగిలి మీ చెవికి వస్తున్నట్టు. తెర అక్కడ వేలాడదీయాలి. గోడకు గుడ్ల అట్టలు అతికించే అలవాటు మాత్రం మానేయండి. 100 హెర్ట్జ్ అల మూడున్నర మీటర్ల పొడవుంటుంది, వేలెడు మందం లేని అట్టను అది లక్ష్యపెట్టదు.

పెట్టెలు ఎలా నిలపాలన్నది స్టీరియో పుట్టుకలోనే ఉంది. ఆంగ్ల ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్ 1931లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. రెండు స్పీకర్ల మధ్య ఖాళీ చోటులో గాయకుడు నిలబడి ఉన్నట్టు చెవిని నమ్మించడం ఆ కనికట్టు. రెండు పెట్టెలూ మీరూ సమభుజ త్రిభుజంలో ఉంటే, పై స్వరాలు పలికే ట్వీటరు చెవి ఎత్తులో ఉంటే అది నిలుస్తుంది. ఒక పెట్టె అల్మరా పైన, ఒకటి నేల మీద పెట్టినవారికి స్టీరియో అక్కర్లేదు.

కొనే దశకు వచ్చినప్పుడు జాగ్రత్తపడాల్సింది మన చెవి విషయంలోనే. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఒక డెసిబెల్ గట్టిగా మోగేదే మెరుగ్గా తోస్తుంది, గట్టిగా ఉందని మాత్రం అనిపించదు. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని రెండింటినీ సమం చేశాకే వినండి. కళ్లు కూడా తీర్పులో తలదూరుస్తాయి. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ధ్వని పరిశోధకులు 1994లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. అవే స్పీకర్లను ఒకసారి చూస్తూ, ఒకసారి తెర వెనుక ఉంచి వినిపించి మార్కులు వేయమంటే, కళ్లకు కనిపించినప్పుడు పెద్దవీ అందమైనవీ ఎక్కువ మార్కులు కొట్టేశాయి. తెర దించగానే ఆ ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది. వినడంలో అనుభవం ఉన్నవాళ్లు కూడా ఈ తప్పులో పడ్డారు, కనుక మనం పడితే సిగ్గుపడనక్కర్లేదు.

ఇంకా కొంత డబ్బు మిగిలితే కొలిచే మైకు ఒకటి కొనండి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. రెండూ కలిసి మీ గది చేసే గుట్టలను, గుంతలను గీత గీసి చూపిస్తాయి. గుట్టలను, ఒక్కో స్వరాన్ని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజరుతో చదును చేయవచ్చు. గుంతలను పూడ్చాలని మాత్రం చూడకండి. అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్న చోట శక్తి ఎంత పోసినా కొట్టేసుకుంటూనే ఉంటాయి, మంద్రం పలికే పెద్ద కోను, అంటే వూఫరు, ఊరికే అలసిపోతుంది. దానికి మందు కుర్చీ జరపడమే.

అంచు సంగతి చెబుతానన్నాను. తర్వాత కొన్నేళ్లకు నాకు ఒక జత పాత పెద్ద స్పీకర్లు దొరికాయి. ముందు గుడ్డ ఊడదీసి కోను చుట్టూ ఉన్న నురుగు పట్టీ మీద వేలు పెడితే అది తడి బొగ్గుపొడిలా వేలికి అంటుకుని రాలిపోయింది. పాలీయురితేన్ నురుగు గాలిలోని తేమకు పదిహేను, ఇరవై ఏళ్లలో ఇలా కుళ్లుతుంది. రబ్బరు పట్టీలు ఇంకా ఎక్కువకాలం మన్నుతాయి. పట్టీ పోయిందంటే స్పీకరు పోయినట్టు కాదు. అదే కొలతలో కొత్త పట్టీలు విడిగా దొరుకుతాయి. పాత జిగురును స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, కొత్త పట్టీని ముందు కోనుకు, తర్వాత చట్రానికి అతికించాలి. ఈ రెండో అతుకే ప్రాణం తీస్తుంది. అయస్కాంతం చీలికలో తీగచుట్టకు అటూ ఇటూ ఉండే సందు మిల్లీమీటరు కన్నా తక్కువ. కోను వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా చుట్ట గీసుకుని గరగరమంటుంది.

అందుకని జిగురు ఆరేలోపు 30 హెర్ట్జ్ స్వరాన్ని సన్నగా వదిలి, చుట్ట తన దారి తాను చూసుకునేలా చేశాను. చెవికి దాదాపు ఏమీ వినిపించలేదు. మంద్రస్వరాలు మెల్లగా ఉన్నప్పుడు మన చెవి వాటిని పట్టించుకోదని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చెప్పారు. బల్ల మీద వెల్లకిలా పడుకున్న కోను మాత్రం సెకనుకు ముప్ఫైసార్లు ఊగుతూ, దాని అంచులు మసకగా, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు కనిపించింది. గరగర లేదు. అలాగే వదిలేసి లైటు ఆర్పాను.