పూతరేకుల ప్రెస్‌నోట్ల రగడ: మలుపు 2013లోనే

పండగ గిరాకీ మొదలవగానే ఆత్రేయపురం పూతరేకుల పేరిట వెబ్‌సైట్లలో వస్తున్న ప్రెస్‌నోట్లపై తయారీదారులకూ ప్రచార ఏజెన్సీలకూ మధ్య తగాదా మళ్లీ రాజుకుంది. పొయ్యి మీద ఒక్క కుండైనా బోర్లించని దుకాణాలు గూగుల్‌లో మొదటి వరుసలో కనిపిస్తున్నాయనీ, తెల్లవారుజామునే లేచి రేకు తీసే ఇళ్లవాళ్ల పేర్లు మాత్రం రెండు మూడు పేజీలు దాటినా కనిపించడం లేదనీ తయారీదారులు అంటున్నారు. నేటి తగాదాకు మూలం 2013 జులైలో ఉంది.

అంతకుముందు ఏజెన్సీల లెక్క సులువుగా ఉండేది. అమ్మకానికి పనికొచ్చే మాటను నోట్‌లో లింకుగా మార్చి, పంపిణీ సంస్థల ద్వారా వీలైనన్ని సైట్లకు ఎక్కిస్తే, ఆ లింకులను చూసి సెర్చ్ ఇంజిన్ దుకాణం సైటును పైకి తెస్తుందన్నది వారి నమ్మకం. అలాంటి లింకులతో ర్యాంకుకు ఒరిగేదేమీ ఉండదని సెర్చ్‌ను బురిడీ కొట్టించే పేజీలను అరికట్టే గూగుల్ వెబ్‌స్పామ్ విభాగానికి నాయకత్వం వహించిన మాట్ కట్స్ 2012 డిసెంబరులో అన్నప్పుడు ఆ వృత్తిలోని వారు కొందరు ఊరుకోలేదు. ఏ నిఘంటువులోనూ లేని మాటనొకదాన్ని కల్పించి, ప్రెస్‌నోట్‌లో దాన్ని కట్స్ సొంత బ్లాగుకే లింకుగా పెట్టారు. ఆ మాటను వెతికితే ఆయన బ్లాగే వచ్చింది, అంటే లింకు పనిచేసినట్టేనని వారి వాదన. కొద్ది నెలలకే, 2013 జులైలో, ఇతర సైట్లలో ప్రచురణ కోసం పంపే వ్యాసాల్లో, ప్రెస్‌నోట్లలో జనం వెతికే కీలక పదాలను ఏరి పెట్టిన లింకులను గూగుల్ అసహజమైన లింకుల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది మేలో నాసిరకం పేజీలను వెనక్కి నెట్టే గూగుల్ మార్పు పాండా 4.0 వచ్చాక పేరున్న పంపిణీ సంస్థల సైట్లే సెర్చ్‌లో వెనక్కి పోయాయి.

ఆ నియమం తమ వృత్తిలోని చెత్తను ఊడ్చేసిందని ఏజెన్సీలు చెబుతాయి. కొంతవరకు నిజమే. అయితే లింకుకు పోయిన విలువ ఎక్కడికి చేరిందన్నది వారు చెప్పరు. జనం నమ్మే వార్తా సైటులో సరైన శీర్షికతో ఒక పేజీ ఉంటే, లోపలి లింకుకు విలువ లేకపోయినా ఆ పేజీయే నేరుగా పై వరుసలో నిలుస్తుంది. లింకుల బేరం అలా చోటు బేరంగా మారింది, ప్రెస్‌నోట్ వార్త వేషం కట్టింది.

ఈ మధ్య చూసిన ఒక నోట్‌లో మిఠాయి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో నాలుగు రకాలుగా ఉంది: ‘పి’ తర్వాత ‘యు’ ఉన్నది, రెండు ‘ఓ’లు ఉన్నది, ‘టి’ పక్కన ‘హెచ్’ ఉన్నది, లేనిది. మనవాళ్లు ఫోన్‌లో ఎవరికి తోచినట్టు వారు కొడతారు కనుక ఎవరినీ వదలకూడదన్న జాగ్రత్త అది. శీర్షికలో ఊరి పేరు, మొదటి వాక్యంలో ఊరి పేరు, ఫొటో కింద ఊరి పేరు. జయ బియ్యం పిండి జావలో పల్చటి గుడ్డను ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగి రేకు తీసే మనిషి ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు. అది ప్రకటన అన్న ముక్క పేజీ అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.

వార్త వేషంలో ప్రకటన గోదావరి డెల్టాకు కొత్త కాదు. 2009 ఎన్నికల్లో చెల్లింపు వార్తలపై వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ నమూనా సర్వే చేసింది వశిష్ఠకు అవతలి ఒడ్డునున్న పశ్చిమ గోదావరి జిల్లాలోనే. మరుసటి ఏడాది ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం నివేదిక దాన్ని ప్రస్తావించింది. అప్పుడు మోసపోయింది పాఠకుడొక్కడే, ఇప్పుడు సెర్చ్ యంత్రం కూడా.

కీలక పదం ఎవరి సొత్తూ కాదన్నది ఏజెన్సీల వాదన. ఆత్రేయపురం అన్న మాట విషయంలో తయారీదారులు దీన్ని ఒప్పుకోరు. 2023 జూన్‌లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999 నాటి చట్టం ప్రకారం సరుకు ఆ ప్రాంతానిదే అని కొనేవాడు పొరబడేలా ఆ పేరు వాడితే అది ఉల్లంఘనే అవుతుంది. మరోవైపు, 2024లో ఇతరుల సైటు పరపతిని వాడుకునే పేజీలపై గూగుల్ తెచ్చిన నియమం ప్రెస్‌నోట్ల పంపిణీ సైట్లను మినహాయించింది. ఏజెన్సీలు పదేపదే చూపిస్తున్నది ఈ మినహాయింపునే.

తయారీదారులు అడుగుతున్నవి రెండు. ప్రకటన అన్న మాట శీర్షిక పక్కనే ఉండాలి, చట్టం కింద ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా నమోదైన సంఖ్య నోట్‌లో కనిపించాలి. మొదటిది సైట్ల బాధ్యత అని ఏజెన్సీలు తోసేస్తున్నాయి, రెండోదానికి ఇంతవరకూ జవాబివ్వలేదు.