పొద్దున్నే ఆర్డీ స్టార్ట్ కాకపోతే బోర్ పోయినట్టేనా?

ఆర్డీ అని పిలుచుకునే రాజ్‌దూత్ 350 తెచ్చినవాళ్లు బండి స్టాండు వేయకముందే అనే మాట: "బోర్ పోయిందంటన్నా." అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని. ఎవరు చెప్పారంటే ఫలానా మెకానిక్ అంటారు. గేజ్ పెట్టి చూశాడా అంటే లేదు. ఈ ఒక్క మాట వల్ల పాడైన సిలిండర్లు చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోతే బోర్ కొట్టించి పిస్టన్లు మార్చాల్సిందే.

వాస్తవం: ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో తెచ్చిన ఈ బండి స్టాండర్డ్ బోర్ 64 మి.మీ. బోర్ కొట్టించిన ప్రతిసారీ పావు మిల్లీమీటరు పోతుంది. ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజ్ దాటితే ఇక లైనర్ (సిలిండర్ లోపల కొత్త గొట్టం) వేయించడమే. ఉన్న నాలుగు అవకాశాల్లో ఒకటి పుకారుకు బలి చేయకండి. ప్లగ్గులు తీసి, కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి చూపే మీటరు) పెట్టి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొట్టండి. రెండు సిలిండర్లలోనూ మంచి ప్రెషర్ చూపిస్తే బోర్ జోలికి వెళ్లొద్దు.

నా దగ్గరికొచ్చిన వాటిలో ఎక్కువగా దొరికే దొంగ క్రాంక్ ఆయిల్ సీల్, అంటే క్రాంక్ చివర గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగు. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోల్‌ను లాగేది క్రాంక్‌కేసే. ఏళ్లతరబడి నిలిచిన బండిలో సీల్ అంచు గట్టిపడుతుంది. కిక్కు వేగానికి వచ్చే కొద్దిపాటి లాగుడు కాస్తా అక్కడే కారిపోతుంది. ఎలాగో అందుకుని ఇంజిన్ వేగంగా తిరిగితే ఆ లీకు లెక్కలోకి రాదు, బండి బాగానే పోతుంది. జనం మోసపోయేది ఇక్కడే. ఎడమ సీల్ పోతే గాలి పీలుస్తుంది, రేస్ వదిలినా ఇంజిన్ వెంటనే దిగదు. కుడి సీల్ పోతే గేర్ ఆయిల్ తాగుతుంది: తెల్ల పొగ, కుడి ప్లగ్గు తడి, బయట చుక్క కారకుండానే గేర్ ఆయిల్ తగ్గడం.

ఒక కుర్రాడు వాళ్ల నాన్నగారి బండి తెచ్చాడు. అప్పటికే 0.75 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి ఉన్నాయి, ఇంకోసారి బోర్ కొట్టించమన్నారట. చేతిలో డబ్బు లేక, నాన్న బండి అమ్మలేక ముఖం వాడిపోయి ఉంది. ఇన్‌టేక్, సైలెన్సర్ దారులు మూసి 6 పీఎస్ఐ గాలి నింపాం. కనీసం ఆరు నిమిషాలు నిలవాలి. చూస్తుండగానే గేజ్ ముల్లు పడిపోయింది. మాగ్నెట్ వైపు సబ్బునీళ్లు రాస్తే బుడగలు. క్రాంక్‌కేసు విప్పి సీళ్లు రెండూ మార్చాం. పిస్టన్లు అవే ఉన్నాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

రేస్ తిప్పుతూ కిక్కు కొడితే త్వరగా అందుకుంటుందంటారు. చోక్ ఎత్తినప్పుడు రేస్ ముట్టుకోకూడదు. కార్బొరేటర్‌లో స్లైడ్ పైకి లేస్తే చోక్ దారిలో లాగుడు పోతుంది.

హారన్ మోగితే బ్యాటరీ బాగున్నట్టు కాదు. స్పార్క్ ఇచ్చే పాయింట్లకూ కాయిల్‌కూ కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచే, మీటరుతో చూడండి.

ప్లగ్గు రంధ్రంలో పెట్రోల్ పోయడం మానండి, సిలిండర్ గోడమీది ఆయిల్ కడుక్కుపోతుంది. నెలలతరబడి నిలిపే బండికి పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బొరేటర్ బౌల్స్ రెండూ ఖాళీ చేయండి. లేదంటే పైలట్ జెట్‌లో జిగురు కడుతుంది.