వాల్‌పేపర్ ఊడదీస్తే మొన ఎందుకు తేలుతుంది?

మా మేనకోడలి ఫ్లాట్ విశాఖలో, ఎంవీపీ కాలనీలో ఉంది. పడగ్గదిలో ఒక గోడకి ఎప్పుడో పూలతీగల వాల్‌పేపర్ వేయించారు. ఇప్పుడు దాని అంచులు లేచిపోయాయి, ఏసీ కింద నల్లమచ్చలు పడ్డాయి. తీసేసి రంగు వేయించుకుందామనుకున్నారు. పెయింటర్ గోడని వేలితో తట్టి చూసి, "దీని మీదే రంగేసేస్తే ఆగదు మాస్టారూ, ముందు ఇదంతా ఊడదీయాలి" అన్నాడు. నిజమే. ఎమల్షన్‌లో ఉండే నీళ్లు కాగితంలోకి దిగి అడుగున జిగురుని తడుపుతాయి. కాగితం బుడగలు బుడగలుగా లేస్తుంది.

అరగంటయ్యేసరికి నేలంతా కాగితం ముక్కలు. అన్నీ ఒకే ఆకారం. మొదట అరచెయ్యంత వెడల్పు, పోనుపోను సన్నబడి చివర సూదిమొన.

"మావయ్యా, ఎంత వెడల్పుగా పట్టుకుని లాగినా ఇలా కోసుగా తెగిపోతుందేంటి? ఒక్కటీ పైనుంచి కింది దాకా రాదు!" అంది మేనకోడలు.

సరిగ్గా ఈ ప్రశ్న మీదే 2008లో చిలీ, ఫ్రాన్స్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి నేచర్ మెటీరియల్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంట్లో సెల్లో టేప్ ఉంటే మీరూ చేసి చూడొచ్చు. వెడల్పాటి టేప్‌ని గాజు మీద అంటించండి. మధ్యలో బ్లేడుతో పక్కపక్కనే రెండు గాట్లు పెట్టి, వాటి మధ్య నాలుకని పైకి లేపి వెనక్కి లాగండి. రెండు చీలికలూ ఒకదాని వైపు ఒకటి జరుగుతూ పోయి చివరికి కలుసుకుంటాయి. వేడినీళ్లలో వేసి తీసిన టమాటా తొక్క కూడా ఇలాగే వస్తుంది.

కారణం మడతలో ఉంది. మీ చేతిలో ఉన్న కాగితానికీ, ఇంకా గోడకి అంటుకుని ఉన్న కాగితానికీ మధ్య ఒక వంపు ఉంటుంది కదా, అక్కడ. ఈతచాపని చుట్టి పట్టుకున్నారనుకోండి. వదిలితే విప్పుకుపోదామని చూస్తుంది. వెడల్పు చాపైతే ఆ తన్ను ఎక్కువ, పిల్లలు పడుకునే చిన్న చాపైతే తక్కువ. మడతలో దాగిన శక్తి దాని వెడల్పుని బట్టి ఉంటుందన్నమాట. రెండు పక్కలా చీలికలు కాస్త లోపలికి ఒరిగితే మడత వెడల్పు తగ్గుతుంది, అందులో బిగబట్టిన శక్తి కొంత వదులవుతుంది. అందుకే అవి నిటారుగా పోవు, లోపలికే ఒరుగుతాయి.

అలాగైతే ఒక్కసారిగా అడ్డంగా తిరిగి కలిసిపోవచ్చుగా? పోలేవు. ఎంత ఎక్కువ ఒరిగితే చీల్చాల్సిన దారి అంత పొడవవుతుంది, కాగితాన్ని చీల్చడానికీ శక్తి కావాలి. మడత తగ్గితే వచ్చే లాభం, చీలిక పొడవైతే వచ్చే నష్టం - ఈ రెండూ సరితూగిన చోట కోణం నిలబడుతుంది. అసలు అందం ఏమిటంటే, ఆ కోణానికి పట్టీ వెడల్పుతో సంబంధం లేదు. వెడల్పు తగ్గుతున్నా కోణం మారదు కాబట్టి అంచులు తిన్నని గీతలవుతాయి. రెండు తిన్నని గీతలు కలిస్తే త్రిభుజమే. త్రిభుజాల మీద ఏళ్ల తరబడి లెక్కలు చేయించే మన బళ్లలో ఒక్కసారైనా టేప్ ముక్క ఊడదీసి చూపించరు, ఏం చేస్తాం!

కోణాన్ని తేల్చేవి మూడు: కాగితం బిరుసు, జిగురు పట్టు, చీలడానికి కాగితం ఇచ్చే ఎదురు. మొదటి రెండింటినీ గుణించి, వర్గమూలం తీసి, మూడోదానితో భాగిస్తే కోణం ఎంతన్నది దాన్ని బట్టి వస్తుంది. జిగురు పట్టు వర్గమూలం కింద ఉందని గమనించండి. 8 సెంటీమీటర్ల పట్టీ 24 సెంటీమీటర్లు వచ్చి మొన తేలి తెగిందనుకుందాం. నానబెట్టాక జిగురు పట్టు నాలుగో వంతుకి పడిపోయి, మిగతా రెండూ మారకపోతే, కోణం సగమవుతుంది. అదే 8 సెంటీమీటర్ల పట్టీ ఈసారి 48 సెంటీమీటర్లు వస్తుంది. పొట్టి త్రిభుజాలు వస్తుంటే జిగురు ఇంకా నానలేదని గోడే చెబుతోందన్నమాట. అయితే మరీ నానితే కాగితానికి చీలికని ఎదుర్కొనే బలం కూడా పోతుంది, అప్పుడు ముద్దగా ఊడుతుంది. అక్కడ పట్టీలు లాగడం మానేసి స్క్రాపర్ తీసుకోవాల్సిందే.

ఇక జిగురు. వాల్‌పేపర్ జిగుర్లలో చాలావాటికి మూలం పిండిపదార్థమే. గంజి పెట్టిన నూలు చీర ఎందుకు ఫెళఫెళలాడుతుంది? పిండిపదార్థపు పొడవాటి గొలుసులు దారాన్ని హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. వానలో తడిస్తే నీటి అణువులు మధ్యలో దూరి ఆ బంధాలను తామే పట్టుకుంటాయి, చీర మెత్తబడిపోతుంది. గోడ మీద కాగితమూ గంజి పెట్టిన చీరే. ఉడికించిన మైదాతో అంటించిన సినిమా పోస్టర్లని ఆవులు నాకడం వీధిలో చూస్తూనే ఉంటాం. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్ప్రే చేస్తే, తలతన్యత తగ్గి నీళ్లు కాగితంలోకి త్వరగా దిగుతాయి. తర్వాత ఓపిక పట్టాలి. నీళ్లు రెండింతల లోతుకి ఇంకాలంటే నాలుగింతల సమయం పడుతుంది. పావుగంట ఆగి, మళ్లీ తడపాలి. స్విచ్ బోర్డుల దగ్గర తడిపే ముందు మెయిన్ ఆపెయ్యండి.

మేనకోడలి గోడకి వేసింది వినైల్ రకం. పైన ప్లాస్టిక్ పొర, కింద కాగితం. ప్లాస్టిక్ నీళ్లని దిగనివ్వదు, అందుకే మొదటి అరగంట తడిపిందంతా వృథా అయింది. పై పొరని పొడిగానే లాగేసి, మిగిలిన కాగితాన్ని నానబెట్టాక పని నడిచింది. వెనక బంకతోనే వచ్చే స్టిక్కర్ రకమైతే నీళ్లతో లాభం లేదు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే ఆ బంక మెత్తబడుతుంది.

లాగే పద్ధతి కూడా ఉంది. మనం సహజంగా గోడకి ఎదురుగా, మన వైపు లాగుతాం. అలాకాక పట్టీని పూర్తిగా వెనక్కి మడిచి, గోడని రాసుకుంటూ పోయేలా లాగితే సగం బలం చాలు. దీని లెక్క రోనాల్డ్ రివ్లిన్ అనే శాస్త్రవేత్త 1944లోనే కట్టాడు: సెంటీమీటరు వెడల్పుకి పట్టే బలాన్ని (1 − కోసైన్ కోణం)తో గుణిస్తే జిగురు పట్టు వస్తుంది. ఇక్కడ కోణమంటే చీలిక ఒరిగే కోణం కాదు, లాగే పట్టీకీ ఇంకా ఊడని కాగితానికీ మధ్య ఉండేది. 90 డిగ్రీల దగ్గర ఆ గుణకం 1, 180 దగ్గర 2. చేసే పని మారదు, చెయ్యి రెండింతల దూరం కదులుతుంది కాబట్టి బలం సగమవుతుంది. గోడని బయటికి పీకే బలం కూడా ఉండదు, కాబట్టి లప్పం పెచ్చులుగా ఊడిరాదు. పెయింటర్‌కి చూపిస్తే ఒకసారి లాగి, "బాగుంది సార్, భుజానికి హాయిగా ఉంది" అన్నాడు.

నల్లమచ్చల సంగతి. ఆ గోడకి దిష్టి తగిలిందని పక్కింటావిడ, ఏసీ పెట్టిన దిక్కు మంచిది కాదని వాస్తు తెలిసిన ఇంకొకాయన. దిక్కు మాటేమో గానీ ఏసీ మాట నిజం. విశాఖలో ఎండాకాలం గాలిలో తేమ ఎంతుంటుందంటే, 25 డిగ్రీలకి చల్లబరిస్తే చాలు నీరుగా మారిపోతుంది. బయటి తేమ ఇటుక గోడలోంచి లోపలికి మెల్లగా వస్తుంది. ఏసీ 22లో నడిచే గదిలో వాల్‌పేపర్ చల్లగా ఉంటుంది, వినైల్ తేమని దాటనివ్వదు. ఆవిరి దాని వెనకే నీరవుతుంది. బూజుకి చీకటి, తడి, తినడానికి గంజి - అన్నీ దొరికాయి.

ఈ బూజుకి ఒక పాత నేరచరిత్ర కూడా ఉంది. 19వ శతాబ్దపు యూరప్‌లో వాల్‌పేపర్ల పచ్చరంగులో ఆర్సెనిక్ ఉండేది. తడి గోడల మీది బూజు ఆ ఆర్సెనిక్‌ని వాయువుగా మారుస్తుందని ఇటలీ శాస్త్రవేత్త బార్తొలొమియో గోసియో కనిపెట్టాడు. అది ట్రైమిథైల్ ఆర్సీన్ అని 1930లలో తేలింది.

సాయంత్రానికి గోడ ఖాళీ అయింది. చూడ్డానికి శుభ్రంగానే ఉంది, పెయింటర్ లప్పం డబ్బా మూత తీయబోతున్నాడు. జిగురు పొర మిగిలిపోతే మళ్లీ పెచ్చులు లేస్తాయి. మందుల డబ్బాలోంచి బెటాడిన్ తెమ్మన్నాను. అందులోని అయోడిన్ పిండిపదార్థానికి తగిలితే నీలి నలుపు రంగు వస్తుంది. మేనకోడలు దూదితో గోడ మీద నాలుగు చోట్ల చుక్కలు పెట్టింది. కిటికీ పక్కన రెండూ గోధుమరంగులోనే ఉండిపోయాయి. ఏసీ కింద రెండూ చూస్తూండగానే సిరా చుక్కల్లా నల్లబడ్డాయి.

పెయింటర్ మూత మళ్లీ బిగించి, బకెట్టూ స్పాంజీ తీసుకున్నాడు.