యాస వింటే పుట్టుక తెలుస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పాలమూరులో స్పీచ్ థెరపిస్టును. నత్తి, మాటలు ఆలస్యంగా రావడం, గొంతు బొంగురుపోవడం, ఇవీ నేను చూసేవి. బయట బెంచీ మీద మాత్రం ఇంకో పరీక్ష నడుస్తుంటుంది: "ఆయన మాట ఇంటే మనోళ్ల లెక్క లేదు, యాడోళ్లో ఏమో!"

అపోహ: మాట వింటే ఏ జాతో, ఏ కులమో పట్టేయొచ్చు.

వాస్తవం: యాసలో దొరికేది పెరిగిన చోటి జాడ. దేవరకొండ వైపు లంబాడీ తండాల్లో ఇంటి భాష గోర్‌బోలి. అది రాజస్థానీకి దగ్గర, తెలుగుకు చుట్టం కాదు. అయినా చిన్నప్పటి నుంచి ఊరి పిల్లలతో ఆడిన తండా పిల్ల తెలుగు మాట్లాడితే వేరు చేయడం నా వల్ల కూడా కాదు. పెద్దయ్యాక తెలుగు నేర్చిన వాళ్ల అవ్వ మాటలో మాత్రం గోర్‌బోలి తగులుతుంది. ఇద్దరిదీ ఒకే రక్తం! నల్లమల చెంచులకు ఏదో అడవి భాష ఉందనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు మాట్లాడేది తెలుగే.

అపోహ: దావత్, నౌకరి, పరేషాన్ అంటే ముస్లింల ఇంటి మనిషి.

వాస్తవం: 1948 దాకా, నిజాం కాలంలో, కచేరీ భాష ఉర్దూ. ఆ మాటలు అందరి నోళ్లలోనూ పడ్డాయి.

అపోహ: 'ళ' పలకకపోతే నోటి లోపం.

వాస్తవం: ఒకామె ఆరేళ్ల కొడుకును తెచ్చి, "సార్, వీనికి నీల్లు అనరాదు" అంది. "మీరూ అట్లనే అన్నరు కదమ్మా" అన్నాను. నవ్వేసి లేచింది. అది మా వైపు పలుకుబడి, ఫీజు తీసుకునే జబ్బు కాదు.

అపోహ: చెవి మోసపోదు.

వాస్తవం: అమెరికాలో డోనాల్డ్ రూబిన్ 1992లో ఒక ప్రయోగం ప్రచురించాడు. విద్యార్థులకు వినిపించిన పాఠం ఒకే గొంతుది. కొందరికి తెల్లజాతి మహిళ ఫోటో, కొందరికి ఆసియా మహిళ ఫోటో చూపారు. ఆసియా ముఖం చూసినవాళ్లకు లేని యాస వినిపించింది. పాఠం కూడా తక్కువ అర్థమైంది. మన దగ్గరా అంతే. మనిషిది తండా అని తెలిశాకే కొందరికి ఆ మాటలో "తేడా" కనిపెట్టడం వస్తుంది.

అందుకే కేస్ షీట్‌లో 'ఇంటి భాష' అడిగితే, తండా నుంచి వచ్చినవాళ్లు వేరుగా చూస్తారన్న భయంతో గొంతు తగ్గించి "తెలుగే సార్" అంటారు. దాంతో పిల్లాడికి తెలుగు మాటలే లెక్కపెడతాం, తక్కువొస్తాయి, మాట ఆలస్యమని రాస్తాం. ఇంట్లో వాడు గోర్‌బోలిలో గలగలా మాట్లాడుతుంటాడు. అందుకే ఇప్పుడు ఆ ప్రశ్న తల్లిని అడగడం మానేశాను. "అవ్వతోని ఏం మాట్లాడతవ్‌రా?" అని పిల్లాడినే అడుగుతున్నాను.