బారెన్ దీవి: 140 ఏళ్ల నిద్ర తర్వాత

2025 సెప్టెంబరులో అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి అగ్నిపర్వతం రెండుసార్లు నిప్పులు కక్కింది. ఆ వీడియో వాట్సాప్‌లో చూసిన దగ్గర్నుంచి కూకట్‌పల్లిలో మా పెద్దమ్మకి టెన్షన్. శ్రీకాకుళం వైపు నుంచి ఎంతోమంది వెళ్లి స్థిరపడినట్టే వాళ్ల పెద్దబ్బాయి కూడా పోర్ట్‌బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో ఉంటున్నాడు. "మళ్లీ సునామీ వస్తాదేట్రా?" అని ఫోన్ చేసింది. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదది.

మన దేశంలో ఇంకా రగులుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే. శ్రీ విజయపురానికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరం. నీటి పైన కనిపించేది 350 మీటర్ల చిల్లరే. దాని పాదం మాత్రం రెండు కిలోమీటర్లకు పైగా లోతున, సముద్రం అడుగున ఉంది. అక్కడ భారత ఫలకం (భూమి పైపొరలోని పెద్ద పలక) పక్క ఫలకం కిందకి దూరుతోంది. దాంతోపాటు లోపలికి పోయిన నీరు వేడికి విడివడి పై రాతిలోకి చేరుతుంది. నీరు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా పుట్టిన లావా, బూడిద పొర మీద పొరగా పేరుకుని కొండయింది. పాత కొండ కూలి మిగిలిన గోడకి పడమట గండి ఉంది. లోపల పెరిగిన కొత్త శిఖరం నుంచి లావా ఆ గండిలోంచే సముద్రంలోకి జారుతుంది.

(వికారాబాద్ వైపు నల్లరాయి కూడా లావాయే. కానీ అది నేల పగుళ్లలోంచి పొంగి 6.6 కోట్ల ఏళ్ల కిందటే చల్లారింది.)

ఈ దీవి పేలుడు తొలిసారి నమోదైంది 1787లో. 19వ శతాబ్దం మధ్య నుంచి సద్దుమణిగింది. దాదాపు 140 ఏళ్లు అలాగే ఉండి, 1991 మార్చిలో మళ్లీ లేచి నెలల తరబడి మండింది. 1994-95లో ఇంకోసారి. 2005 నుంచి ఆగుతూ, రాజుకుంటూనే ఉంది. 2004 నాటి భూకంపమే దీన్ని లేపిందని చాలామంది అంటారు. అంతకుముందే రెండుసార్లు లేచిన కొండ కాబట్టి నేను ఆ మాటని పూర్తిగా ఒప్పుకోను.

2004 సునామీకి కారణం అగ్నిపర్వతం కాదు, ఫలకాలు ఒక్కసారిగా జారడం. ఆ విషాదం తర్వాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో మొదలైంది. పెద్దమ్మ ఇంటి నుంచి ఆటోలో వెళ్లొచ్చు. సముద్రం కింద భూమి కంపించగానే అక్కడ తెలుస్తుంది. నీటి అడుగున పెట్టిన పరికరాలు, తీరంలో అలల కొలతలు ఆ తర్వాత సంగతి తేలుస్తాయి.

నాకు గుబులు పుట్టించేది మాత్రం 2018 డిసెంబరు 22. ఆ రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అనే అగ్నిపర్వతం పక్క భాగం సముద్రంలోకి జారి సునామీ లేచింది. ముందుగా హెచ్చరించడానికి పెద్ద భూకంపమేదీ రాలేదు. 400 మందికి పైగా పోయారు.

పెద్దమ్మకి రెండూ చెప్పాను. బారెన్ దీవి మీద జనం లేరు, దాని పేలుళ్లు చాలావరకు చిన్నవే, అన్నయ్య ఇల్లు చాలా దూరం. కానీ భూకంపాల్ని కనిపెట్టినంత శ్రద్ధగా ఆ కొండ వాలుని కూడా రోజూ కనిపెట్టాలి.