ఎక్స్‌రేకి చిక్కని పగులు: విరిగిన పంటికి వైద్యం వచ్చిన దారి

మా అమ్మకు కింది దవడ పన్ను ఎనిమిది నెలలు నొప్పి పెట్టింది. అన్నం తింటే ఏమీ ఉండేది కాదు. సకినం కొరికినప్పుడో, పచ్చడిలో ఆవగింజ పంటి కిందికి వచ్చినప్పుడో మాత్రం జివ్వున లాగేది. అదీ కొరికేటప్పుడు అంతగా తెలిసేది కాదు, కొరికి దవడ వదిలే క్షణంలో ప్రాణం పోయినట్టుండేది. రెండు చోట్ల ఎక్స్‌రే తీశారు. "పన్ను బాగానే ఉందమ్మా, ఏమీ కనిపించడం లేదు" అన్నారు. ఒక చోట పక్క పన్నుకు రూట్ కెనాల్ కూడా చేశారు. నొప్పి అలాగే ఉంది. చివరికి ఇంకో డాక్టరమ్మ ఆ పంటిలోని పాత సిమెంటు తీసేసి, నీలం రంగు మందు పూసి తుడిచారు. పంటి నడుమ వెంట్రుకంత సన్నని గీత నీలంగా మిగిలింది. పన్ను పగిలింది.

అప్పటి నుంచి ఈ సంగతి గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. విరిగిన పంటికి మందు వేయడం మనిషి వేల ఏళ్ళ కిందటే మొదలుపెట్టాడు. ఏ పన్ను పగిలిందో కనిపెట్టే పద్ధతి మాత్రం మొన్న మొన్నటిది. వైద్యం ముందు వచ్చింది, గుర్తించడం చాలా వెనక వచ్చింది. ఎంతోమంది పళ్ళు పోగొట్టుకున్నది ఈ రెంటి మధ్య ఎడంలోనే.

స్లొవేనియాలో లోంచే అనే ఊరి దగ్గరి గుహలో వందేళ్ళ కిందట ఒక మనిషి దవడ దొరికింది. దాన్ని ఇటలీలోని ట్రియెస్టే మ్యూజియంలో భద్రపరిచారు. చాలాకాలం తర్వాత పరిశోధకులు దాన్ని కొత్త పరికరాలతో పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. వయసు 6,500 ఏళ్ళు. 24 నుంచి 30 ఏళ్ళ మధ్య మగమనిషి. ఎడమ కోరపన్ను నిలువునా పగిలి ఉంది. పగులు పైనున్న ఎనామెల్ దాటి లోపలి డెంటిన్ దాకా పోయింది. పగులు మీద, పన్ను అరిగి డెంటిన్ బయటపడ్డ చోట తేనెమైనం పూసి ఉంది. చనిపోయాక ఏదో ఆచారం కోసం పూసి ఉండవచ్చన్న అనుమానాన్ని ఆ పరిశోధకులు కొట్టిపారేయలేదు. బతికుండగానే పూసి ఉంటే మాత్రం, పగిలిన పంటికి చేసిన వైద్యంలో మనకు తెలిసిన అతి పాత ఆనవాళ్ళలో అదొకటి. అంతకంటే వెనక, 7,500 నుంచి 9,000 ఏళ్ళ కిందట, నేటి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో తొమ్మిది మంది దవడ పళ్ళకు చెకుముకి రాతి మొనలతో గుండ్రటి రంధ్రాలు పెట్టారు. అలాంటి పళ్ళు 11 దొరికాయి. రంధ్రాల అంచులు అరిగి ఉన్నాయి. అంటే ఆ తర్వాత కూడా ఆ మనుషులు వాటితో నమిలారు.

మన వైద్య గ్రంథాల్లో ఈ నొప్పి వర్ణన ఎంత దగ్గరగా ఉందో చూసి ఆశ్చర్యపోయాను. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో ముఖరోగాల అధ్యాయం ఉంది. అందులో 'దాలనం' అనే దంతరోగం చెప్పారు. పళ్ళు చీలిపోతున్నట్టు తీవ్రమైన నొప్పి దాని లక్షణం, కారణం వాతం. ఇంకొకటి 'భంజనకం'. పన్ను విరగడం, విపరీతమైన నొప్పి, నోరు వంకరపోవడం దాని గుర్తులు. ఇవీ నేటి పంటి పగులూ ఒకటేనని నేను అనను. రోగి చెప్పిన మాటను వినడమే అప్పటికి ఉన్న పరీక్ష, ఆ విన్నదాన్ని వాళ్ళు శ్రద్ధగా రాసిపెట్టారు.

అదే అధ్యాయంలో 'కృమిదంతకం' కూడా ఉంది. పంటిని పురుగు తొలుస్తుందన్న ఈ నమ్మకం ఒక్క మనదే కాదు, బాబిలోనియా మట్టి పలకల్లోనూ ఉంది. మన పల్లెల్లో వాకుడు గింజల పొగ పట్టించడం ఆ నమ్మకం నుంచి వచ్చిందే. పుచ్చు లేకుండా పగిలిన పన్ను ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. రంధ్రం లేదు, నలుపు లేదు, పురుగు ఎటు పోయినట్టు? లవంగం అదిమి పెట్టుకోవడం, ఓర్చుకోవడం, ఓర్చుకోలేనినాడు పీకించుకోవడం, అంతే.

గ్రీకు, రోమన్ వైద్యులు దవడ విరిగినప్పుడు పళ్ళను బంగారు తీగతోనో దారంతోనో పక్కపళ్ళకు కట్టేవాళ్ళు. 1728లో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ ఫోషార్ దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాసి పురుగు సిద్ధాంతాన్ని తోసిపుచ్చాడు. సీసం, తగరం, బంగారు రేకులతో పుచ్చు నింపడం, విరిగిన పంటి వేరులో కీలు దిగ్గొట్టి పైన కొత్త పన్ను నిలబెట్టడం వివరించాడు. కానీ పంటి పగులు కథ నిజంగా మలుపు తిరిగింది ఆ తర్వాతి శతాబ్దంలో, అదీ చెడ్డ వైపుకి.

1830ల్లో క్రాకూర్ అన్న ఇంటిపేరు గలవాళ్ళు వెండి, పాదరసం కలిపిన ముద్దను న్యూయార్క్‌కు తెచ్చి, ఘనమైన పేరు పెట్టి అమ్మారు. మనం 'వెండి నింపించుకోవడం' అంటామే, ఆ అమాల్గం అదే. బంగారం కంటే చవక, పెట్టడం తేలిక. వెండి నాణేలను ఆకురాయితో రాచి ఆ పొడిలో పాదరసం కలిపేవాళ్ళు. చిక్కేమిటంటే, అప్పటి అమాల్గం గట్టిపడేటప్పుడు ఉబ్బేది. పంటి గోడల మధ్య బిగించిన ముద్ద ఉబ్బితే పన్ను పగలక ఏమవుతుంది? నొప్పి పోవాలని పోయిన మనిషి పగిలిన పంటితో తిరిగొచ్చేవాడు. అమెరికా దంతవైద్యుల సంఘం 1845లో అమాల్గం వాడబోమని సభ్యుల చేత ప్రమాణం చేయించింది. ఎక్కువ భయం పాదరసం మీదే. ఆ గొడవలోనే సంఘం చీలికలై 1856లో మూతపడింది.

దీన్ని ఒక దారికి తెచ్చింది అమెరికా దంతవైద్యుడు గ్రీన్ వర్డిమన్ బ్లాక్. లోహాల పాళ్ళు ఒక్కొక్కటిగా మార్చి చూసి, ఉబ్బడమూ కుంచించుకోవడమూ సరితూగే మిశ్రమాన్ని 1895లో వెల్లడించాడు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆయన నేర్పిన ఇంకో సూత్రం దశాబ్దాల పాటు పళ్ళను బలహీనపరిచిందని కూడా చెప్పాలి. పుచ్చు ఉన్న చోటే కాక, ముందుముందు పుచ్చే అవకాశం ఉన్న గాళ్ళను కూడా కలుపుకుని వెడల్పుగా తొలవమన్నాడు. ఆ రోజుల్లో పుచ్చు మళ్ళీ రాకుండా ఉండడానికి అది మేలైన దారే. కానీ అమాల్గం పంటికి అతుక్కోదు, మేకులా బిగిసి కూర్చుంటుందంతే. మధ్యలో వెడల్పుగా తొలిచేస్తే రెండు పక్కలా పంటి మొనలు ఆసరా లేని పిట్టగోడల్లా మిగులుతాయి. నమిలిన ప్రతిసారీ అవి కాస్త కాస్త బయటికి వంగుతాయి. ఇరవై ఏళ్ళకో ముప్పై ఏళ్ళకో ఒకనాడు వాటి అడుగున చీలిక పుడుతుంది.

బ్లాక్ తన మిశ్రమాన్ని వెల్లడించిన 1895లోనే జర్మనీలో రోంట్జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టాడు. కొద్ది వారాలకే, 1896 జనవరిలో, ఆటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన నోట్లోనే ఫొటో గాజుపలక పెట్టుకుని పళ్ళ ఎక్స్‌రే తీయించుకున్నాడు. కదలకుండా 25 నిమిషాలు కూర్చోవలసి వచ్చింది. అమెరికాలో ఎడ్మండ్ కెల్స్ రోగులకు ఎక్స్‌రేలు తీసీ తీసీ, ఆ కిరణాల వల్లే క్యాన్సర్ వచ్చి, ముందు వేళ్ళు, తర్వాత చెయ్యి పోగొట్టుకున్నాడు. ఎముక లోపల చీము, వేరు చివర గడ్డ, పళ్ళ సందుల్లో పుచ్చు, ఇవన్నీ కళ్ళముందుకొచ్చాయి. అంత చూపించే సాధనం దొరికాక, అందులో కనిపించనిది లేనట్టే అనుకోవడం మొదలైంది.

దవడ పంటి పగులు ఎక్కువగా ముందు నుంచి వెనక్కి, పళ్ళ వరుస పోయిన దిక్కులోనే పోతుంది. ఫిల్మ్ పెట్టేది కూడా ఆ వరుసకు సమాంతరంగానే. తలుపు చెక్క మీద పగులుంటే ఎదురుగా నిలబడి చూస్తే కనిపిస్తుంది. చెక్క మందంలోనే, దాన్ని రెండు పలకలుగా విడదీస్తూ పగులుంటే? ఎదురుగా ఎంతసేపు చూసినా చెక్క నున్నగానే ఉంటుంది. పంటి ఎక్స్‌రే సరిగ్గా అలాగే మోసపోతుంది. దీనికి తోడు 1910 నుంచి కొన్ని దశాబ్దాలు, ఒంట్లోని సగం జబ్బులకు పళ్ళలో దాగిన ఇన్ఫెక్షనే మూలమన్న వాదం బలంగా నడిచింది. కీళ్ళ నొప్పులకు కూడా పళ్ళు పీకేశారు. కారణం తేలని నొప్పితో వచ్చిన మనిషి పన్ను ఆ కాలంలో ఎంతవరకు నిలిచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

1954లో గిబ్స్ అనే ఆయన పంటి మొన చీలడం వల్ల వచ్చే నొప్పిని విడిగా వర్ణించాడు. 1957లో రిచీ, మెండెన్‌హాల్, ఆర్బన్ ముగ్గురూ కలిసి, పూర్తిగా విరగని పగులు వల్ల లోపలి నరం వాచిన కేసులు రాశారు. 1964లో కామెరాన్ 50 కేసులు పరిశీలించి అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో రాసిన వ్యాసంతో దీనికి 'క్రాక్డ్ టూత్ సిండ్రోమ్' అన్న పేరు స్థిరపడింది. పేరు రావడం చిన్న విషయం అనిపించవచ్చు. నొప్పి అంటూ వచ్చిన మనిషిని సైనస్ అని ఒకరు, నరాల జబ్బు అని ఒకరు, మనసులో టెన్షన్ అని ఇంకొకరు తిప్పి పంపుతుంటే, 'ఇది ఫలానాది' అని చెప్పగలగడం ఆ మనిషికి ఎంత ఊరటో మా ఇంట్లో చూశాను.

వదిలినప్పుడు ఎందుకు నొప్పి అన్నదానికి జవాబు కూడా దాదాపు అదే కాలంలో దొరికింది. డెంటిన్ నిండా కంటికి కనపడని సన్నని గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. ఆ ద్రవం ఒక్కసారిగా కదిలితే లోపలి నరం అదిరిపోతుందని స్వీడన్‌కు చెందిన బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో ప్రయోగాలతో చూపించాడు. గట్టి పదార్థం కొరికితే పగులు తెరుచుకుంటుంది, వదలగానే టక్కున మూసుకుంటుంది, ద్రవం కదులుతుంది. 'కొరికినప్పుడు కాదు, వదిలినప్పుడు' అని అమ్మ ఎనిమిది నెలలు చెప్పిన మాటే ఆ జబ్బుకు అసలు గుర్తు.

ఎక్కువగా పగిలేవి కింది దవడ పళ్ళు. పైదవడ పంటి లోపలి మొన, కింది పంటి నడుమ గుంటలో రోటిలో రోకలిలా పడుతుంది. పైగా అడకత్తెరలో వక్కను మడత దగ్గరికి జరిపితే తేలిగ్గా తెగినట్టు, దవడ కీలుకు దగ్గరైన కొద్దీ పడే బలం పెరుగుతుంది. నిద్రలో పళ్ళు నూరే అలవాటుంటే చెప్పనక్కరలేదు.

నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట్ల పళ్ళు పెచ్చులూడడం మరో కథ. మన దేశంలో ఆ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో. తర్వాత నల్గొండ పేరే దానికి గుర్తైపోయింది. అక్కడ పగులుకు కారణం కొరకడం కంటే ముందు, పన్ను తయారయ్యేటప్పుడే ఎనామెల్ బోలుగా ఏర్పడడం.

ఇక వైద్యం. పగిలిన కుండకు తీగ చుట్టినట్టు పంటి చుట్టూ బిగువుగా కట్టు వేయాలన్న ఆలోచన పాతదే. 1907లో విలియం టాగర్ట్ మైనం అచ్చుతో బంగారాన్ని కచ్చితంగా పోత పోసే పద్ధతి చూపించాక, పంటికి సరిగ్గా అమరే తొడుగులు చేయడం సులువైంది. ఇప్పటికీ పగిలిన దవడ పంటికి ముందు ఒక లోహపు పట్టీ బిగించి, లేదా తాత్కాలిక క్యాప్ పెట్టి కొన్ని వారాలు చూస్తారు. నొప్పి తగ్గితే అసలు క్యాప్. తగ్గకపోతే పగులు నరం దాకా పోయిందని, రూట్ కెనాల్ చేసి ఆపైన క్యాప్.

ముందు పళ్ళ సంగతి వేరు. మెట్ల మీద పడి, క్రికెట్ బంతి తగిలి, పిల్లల ముందు పన్ను సగం విరిగితే అది ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడి కష్టం అతికించడం. 1955లో మైకల్ బ్యూనకోర్, లోహానికి రంగు బాగా పట్టాలని పరిశ్రమల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని గమనించి, దాన్నే ఎనామెల్ మీద 30 సెకన్లు ఉంచి చూశాడు. ఎనామెల్ గరుకై, దాని మీద వేసిన రెసిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం, గట్టిగా పట్టుకుంది. 1962లో రాఫెల్ బోవెన్ కొత్త రకం రెసిన్‌కు పేటెంట్ పొందాడు. పంటి రంగులోనే ఉండే నేటి ఫిల్లింగులు ఆ వంశానివే. విరిగిన ముక్కనే తిరిగి అతికించిన కేసు 1964లో పత్రికకెక్కింది. అతికించడం సులువయ్యాక ముక్కను పారేయకుండా తడిగా దాచి తెమ్మనడం మామూలైంది. నరం బయటపడ్డ పిల్లల పళ్ళలో మొత్తం నరం తీసేయకుండా, పైన రెండు మిల్లీమీటర్ల మేర తీసి కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు పెడితే చాలని మిరోస్లావ్ స్వెక్ 1978లో 60 పళ్ళతో చూపించాడు. 96 శాతం నిలిచాయి. పదేళ్ళ పిల్లాడి పంటి వేరు ఇంకా పెరుగుతూ ఉంటుంది. నరం బతికుంటేనే అది పూర్తిగా పెరుగుతుంది కాబట్టి ఈ చిన్న పని విలువ చాలా పెద్దది.

1980ల నుంచి దంతవైద్యంలోకి మైక్రోస్కోపులు వచ్చాయి, 1990ల చివర త్రీడీ స్కాన్ వచ్చింది. స్కాన్ కూడా సన్నని పగుళ్ళను నేరుగా పట్టలేదు. పగులు వెంట ఎముక కరిగి ఉంటే ఆ జాడ చూపిస్తుంది. పక్కనే వెండి ఫిల్లింగో క్యాపో ఉంటే దాని మెరుపు గీతలే పగుళ్ళలా కనిపించి తప్పుదారి పట్టిస్తాయి. పగులు వేరు పొడవునా దిగిపోతే అంత సామగ్రి ఉన్నా ఆ పంటిని నిలబెట్టడం దాదాపు సాధ్యం కాదు.

మా డాక్టరమ్మ రంగు పూయడానికి ముందే ఏ పన్నో పట్టేశారు. పంటి మొనలు ఒక్కొక్కదాని మీద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి, "కొరకండమ్మా, ఇప్పుడు వదలండి" అన్నారు. మూడో మొన దగ్గర వదలగానే అమ్మ చెయ్యెత్తింది. ఆ పరీక్షకు కరెంటు అక్కర్లేదు, పట్టింది రెండు నిమిషాలు. అమ్మ పన్ను ఇప్పటికీ క్యాప్ కింద ఉంది. రూట్ కెనాల్ చేసిన ఆ పక్క పన్నుకు కూడా క్యాప్ వేయించాల్సి వచ్చింది.