గోదాముల్లో డ్రైవర్ లేని వాహనాలు: అపోహలు – వాస్తవాలు

మేడ్చల్, శంషాబాద్ వైపు ఉన్న గోదాముల్లో సరుకు మోసే మొబైల్ రోబోలను అమర్చి, నడిపించే పనిలో ఉన్నవారిగా మాకు కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తుంటాయి. వాటిలో మొదటిది మనుషుల ప్రాణాలకు సంబంధించినది కనుక దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: సెన్సర్లున్న వాహనం ఎదురుగా ఏది వచ్చినా ఆగిపోతుంది.

వాస్తవం: భద్రత కోసం బిగించే లేజర్ స్కానర్ చాలా వాహనాల్లో నేలకు జానెడు ఎత్తున, ఆ ఒక్క మట్టంలోనే చూస్తుంది. నిలబడిన మనిషి కాళ్లను అది గుర్తిస్తుంది గానీ, నడుము ఎత్తున లేపి వదిలేసిన ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులను (సరుకు ఎత్తే ఇనుప కొమ్ములను) గానీ, ర్యాక్ అంచు దాటి బయటికి పొడుచుకువచ్చిన ప్యాలెట్‌ను (సరుకు పేర్చే పలకను) గానీ గుర్తించలేదు. 3డి కెమెరాలు ఈ లోటును కొంత పూడుస్తాయి. అయినా ఆపి ఉంచిన ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులు నేలను తాకి ఉండాలన్న నియమాన్ని మేము ఎక్కడా సడలించము.

బరువు, వేగం పెరిగేకొద్దీ వాహనం ఆగడానికి పట్టే దూరమూ పెరుగుతుంది కాబట్టి, స్కానర్ కాపలా కాసే పరిధిని కూడా అందుకు తగ్గట్టు పెంచాలి. ఖాళీ వాహనం ముందు చెయ్యి అడ్డుపెట్టి చూపించే ప్రదర్శనతో ఏదీ రుజువు కాదు. నిండు బరువుతో, పూర్తి వేగంతో నడుపుతూ, మనిషి కాలికి బదులుగా 70 మిల్లీమీటర్ల వ్యాసం, 400 మిల్లీమీటర్ల ఎత్తు గల గొట్టాన్ని దారిలో నిలబెట్టి పరీక్షించాలి. వానాకాలంలో డాక్ (లారీల్లోకి సరుకు ఎక్కించి దించే చోటు) తలుపుల దగ్గర నేల తడిసి చక్రాలు జారుతాయి గనుక, అక్కడ వేగాన్ని విడిగా తగ్గించి పెట్టాలి.

అపోహ: ఏజీవీల (నిర్ణీత దారిలోనే నడిచే వాహనాల) కాలం చెల్లింది, ఇక ఏఎంఆర్‌లే (సొంతంగా దారి చూసుకునే రోబోలే) కొనాలి.

వాస్తవం: నేల మీది అయస్కాంత పట్టీ వెంట నడిచే ఏజీవీ అడ్డు తగిలితే ఆగి వేచి ఉంటుంది, మ్యాప్ చూసుకుని నడిచే ఏఎంఆర్ వీలుంటే పక్కనుంచి వెళుతుంది. రోజంతా ఒకే దారిలో బరువైన ప్యాలెట్లు మోయడానికి నా ఓటు ఇప్పటికీ ఏజీవీకే.

అపోహ: కొని తెచ్చి వదిలితే చాలు, పని మొదలైపోతుంది.

వాస్తవం: నేలలో పగుళ్లు, ఎత్తైన ర్యాకుల నడుమ అందని వైఫై, వెలుతురును చెదరగొట్టే మెరుపు ప్లాస్టిక్ చుట్టలు వాహనాన్ని దారిలోనే నిలబెట్టేస్తాయి. బడ్జెట్ తక్కువైతే ఒక రోబో తగ్గించుకుని, ఆ డబ్బుతో ముందు నేల బాగుచేయించుకోమనే చెబుతాను.